చింపిరి పదకొండో మెట్టు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. గుడ్డు మీద మిరియాల పొడి కాస్త ఎక్కువైంది. ప్లేటు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, భోజనాల బల్ల చివరనున్న కంప్యూటరు ముందు కూర్చున్నాను. సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకు, అమ్మాయికి సాయం చేస్తున్నాననుకుంటూ కొంప ముంచాను.

ఇప్పుడు గురువారం సాయంత్రం. అమ్మాయీ అల్లుడూ మాట్లాడుకుని రెండు రోజులైంది.

"నాన్నా, నీ అల్లుడు టీ తాగుతాడేమో అడుగు."

నా అల్లుడు ఆమెకు అయిదడుగుల దూరంలో కూర్చుని సాక్సులు విప్పుకుంటున్నాడు.

"తాగుతానని మీ అమ్మాయికి చెప్పండి మామయ్యగారూ."

"చక్కెర వెయ్యాలా అడుగు."

"పెళ్ళయి ఆరేళ్ళయింది. వెయ్యాలో వద్దో తెలిసే ఉంటుందని చెప్పండి."

"చెయ్యకూడదని తెలిసినవి చెయ్యకుండా ఉంటే ఈ గొడవే లేదని చెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడకత్తెరలో పోకచెక్కకు ఎవరి తరఫునా మాట్లాడే అధికారం ఉండదు. టీ వచ్చింది. అతని కప్పులో చక్కెర సరిపడా ఉన్నట్టుంది, ఒక గుక్క తాగి ఏమీ అనలేదు. కోపంలో కూడా కొలత తప్పని చెయ్యి మా అమ్మాయిది. ఆ మాత్రానికే నా ప్రాణం కాస్త కుదుటపడింది.

అతని తప్పేమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మంగళవారం సాయంత్రం లిఫ్టుల కంపెనీ నుంచి వచ్చి, ఇంకా చేతుల గ్రీజయినా సరిగ్గా పోకముందే చింపిరిని తెరిచాడు. తెరిచి, ప్రింటు తీయబోతూ, అలవాటు ప్రకారం సేవ్ నొక్కాడు.

చింపిరి నా భార్య.

అంటే నా భార్య కాదు, ఆమె పాత్ర. శనివారాలు మా ఇంట్లో బల్ల చుట్టూ ఆరుగురు చేరి, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో మనిషిగా మారి కథ నడిపే ఆట ఆడతారు. ఇంట్లో ఒక్క వెంట్రుక చెదరనివ్వని మనిషి, లెక్కల టీచరుగా పిల్లల చొక్కా గుండీలు కూడా సరిచేసిన మనిషి, ఆ ఆటలో తన పేరు చింపిరి అని పెట్టుకుంది. ఎనిమిదేళ్ళు ఆడింది. పోయిన డిసెంబరుకు ముందు డిసెంబరులో ఆమె కుర్చీ ఖాళీ అయింది.

ఆ పాత్రలను తయారుచేసుకోవడానికి కంప్యూటరులో ఒక ప్రోగ్రాం ఉంది. వీరుడు, మాంత్రికుడు, దొంగ, ఇలా ముందే కొన్ని వృత్తులు అందులో ఉంటాయి. అవి చాలవనుకున్నవాళ్ళు సొంతంగా రాసి చేర్చుకోవచ్చు. ఒక్కో అంశానికి ఒక పేరు, ప్రోగ్రాం గుర్తుపట్టడానికి ఒక ఐడీ, వివరణ, నియమాలు రాసి ఒక ఫైలులో పెడితే ప్రోగ్రాం చదువుకుంటుంది. నా భార్యకు వీరులూ దొంగలూ నచ్చలేదు. అరవై ఏళ్ళ వయసులో ఆ రాత నేర్చుకుని 'వంతెన కాపరి' అనే వృత్తిని తయారుచేసింది. నది మీద ఎత్తుడు వంతెన, దానికి ఒక కాపరి. దాటేవాళ్ళ దగ్గర కాపరి సుంకంగా తీసుకునేది డబ్బు కాదు, ఒక నిజం. పాత్ర ఒక మెట్టు ఎదిగినప్పుడల్లా ఒక నిజాన్ని రాసి పెట్టుకోవాలి. చింపిరి పదకొండు మెట్లు ఎక్కింది. పదకొండు వాక్యాలు.

వాటిని ఎవరూ చదవలేదు. ఈ శనివారం చింపిరిని కథలోంచి సాగనంపాలని ఆటవాళ్ళందరూ అనుకున్నారు. ఆ పదకొండూ అమ్మాయి అప్పుడు బయటికి చదవాలి. పద్నాలుగు నెలలు ఆ ఫైలు తెరవకుండా ఎలా ఉన్నావని ఒకసారి అడిగాను.

"చదివేస్తే అయిపోతుంది కదా నాన్నా," అంది. "ఇంక అమ్మ దగ్గర్నుంచి కొత్తగా వచ్చేదేం ఉండదు."

మంగళవారం రాత్రి అమ్మాయి తెరిచి చూసేసరికి చింపిరికి పేరు ఉంది, వయసు ఉంది. వృత్తి లేదు. పదకొండు వాక్యాలూ లేవు.

*

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ డైరెక్టరీ విభాగంలో పనిచేశాను. ఎం.ఏ. చదివి వెళ్ళినవాడికి వాళ్ళిచ్చిన పని, రెండుసార్లు పడిన పేర్లు వెతికి ఒకటి కొట్టెయ్యడం. పొడవాటి గది, గుడ్డి వెలుతురు, అచ్చు సిరా వాసన. వరస తప్పకుండా కింద పెట్టుకోవడానికి చెక్క స్కేలు, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఒకే పేరు, ఒకే వీధి, ఒకే వృత్తి కనిపించిందంటే ఒకటి ఉంచి ఒకటి కొట్టెయ్. ఎవరిదైనా పొరపాటున కొట్టేస్తే ఏడాదిపాటు వాళ్ళకు ఫోన్లు రావు. నాకు అలాంటి ఫిర్యాదులు మూడే వచ్చాయి.

మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నా భార్య రాసిన ఆ ఫైలు చదువుకునేవాణ్ణి. వంతెన చెక్కలు వానకు ఎలా ఉబ్బుతాయో, కాపరి రాత్రిపూట లాంతరు ఏ పక్క పెట్టుకోవాలో, అంతా ఆమె గొంతులోనే ఉండేది. చింపిరి వాక్యాలు వేరే ఫైలులో ఉంటాయి, దాని జోలికి నేను వెళ్ళలేదు. "చూడొచ్చు నాన్నా, ముట్టుకోవద్దు," అని అమ్మాయి మొదటే చెప్పింది.

శనివారంలోగా ఆ వంతెన ఫైలు శుభ్రం చెయ్యాలని అమ్మాయి వారం రోజులుగా తంటాలు పడుతోంది. పగలంతా కళ్ళ ఆస్పత్రిలో జనానికి అద్దాల నంబరు చూసి, సాయంత్రం తన కళ్ళు నలుపుకుంటూ ఈ పని. మంగళవారం చదువుతుంటే 'వంతెన కాపరి' నాకు రెండుచోట్ల కనిపించింది. అదే పేరు, అదే వర్ణన. ఐడీలు మాత్రం వేరు. అచ్చువాళ్ళు ఒకే మనిషికి రెండు వరస నంబర్లు వేసినట్టుంది, అనుకున్నాను. పాతగా కనిపించిన దాన్ని తీసేశాను. ప్రోగ్రాం తెరిచి చూస్తే ఒక్క తప్పు కూడా చూపించలేదు. చాలా రోజుల తర్వాత నేను ఈ ఇంటికి పనికొచ్చానని సంతోషపడ్డాను.

బుధవారం పొద్దున్న చెప్దామనుకున్నాను. అమ్మాయి బస్సు కోసం పరుగెత్తింది. సాయంత్రం చెప్దామనుకున్నాను. అల్లుడు తలగడ తీసుకుని ముందుగదిలోకి వచ్చేశాడు. అది చూశాక నోరు పెగల్లేదు. నిజం ఒక పూట ఆలస్యమైతే రెండో పూటకు బరువు రెట్టింపవుతుంది.

*

గురువారం ఏడింటికి మా బావమరిది వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు, ఎనిమిదేళ్ళుగా ఆ ఆట నడిపేవాడు. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో తడి గొడుగు.

"ఏంటి బావా, ఇల్లు ఇంత చడీచప్పుడు లేకుండా ఉంది. నా వెయిటింగ్ రూమే నయం."

"నీ దగ్గర జనానికి భయం ఒక్కటే. ఇక్కడ రకరకాలు ఉన్నాయి," అన్నాను.

"ఏరా అబ్బాయ్, నీకు ముందుగదిలో పక్కేశారట."

"లిఫ్టు బాగయ్యేదాకా మెట్లే కదండీ," అన్నాడు అల్లుడు.

అమ్మాయి నవ్వలేదు. కుర్చీ లాగి, "చూడు మామయ్యా," అంది. "నీ దగ్గర పాత కాపీ ఉందన్నావుగా."

అతను రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రెండు తెరల మధ్య తల తిప్పుతూ చాలాసేపు చూశాడు. రోగి నోట్లోకి చూసేటప్పుడు చేసినట్టే నాలుకతో టక్‌టక్‌మనిపించాడు.

"అబ్బాయి సేవ్ నొక్కడం తప్పే, కాదనను. కానీ అసలు తప్పు అది కాదు. ఇదిగో, నా ఫైలులో వంతెన కాపరి రెండున్నాయి. మీ దాంట్లో ఒకటే ఉంది. చింపిరి పాతదాని మీద కట్టిన పాత్ర. ఆ పాతది ఎవరో తీసేశారు."

"తీసేస్తే?"

"పాత పాత్ర బతికేది పాత ఐడీ పట్టుకునే. అందుకే ఈ ఫైళ్ళలో దేన్నీ తియ్యకూడదు, కొత్తగా ఎంచుకునేవాళ్ళకు కనిపించకుండా దాచాలి, అంతే. పన్ను పైన ఎంత పాడైనా వేరుంటే ఏదో ఒకటి కట్టొచ్చు. వేరే పీకేస్తే ఏం చేస్తాం. ప్రోగ్రాం పిచ్చిది, దొరకలేదని కూడా చెప్పదు. ఆ వృత్తినీ, దానికింద ఉన్నవాటినీ వదిలేసి తెరుచుకుంటుంది. అప్పుడు సేవ్ నొక్కితే అంతే సంగతులు."

"నేను తియ్యలేదు," అంది అమ్మాయి.

"ఎప్పుడు మారిందో ఉంటుంది చూడు. మంగళవారం. మూడు పది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని విన్నాను గాని, నా చెయ్యి నిజంగానే భుజం మీదికి వెళ్ళింది. శాలువా సర్దుకున్నాను.

"నేనే," అన్నాడు అల్లుడు.

అందరం అతని వైపు తిరిగాం. అతను కప్పు అడుగున మిగిలిన టీ వైపు చూస్తున్నాడు.

"మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. ఏదో నొక్కుకుపోయి ఉంటుంది."

"మూడింటికి నువ్వు వేరే ఆస్పత్రి లిఫ్టు దగ్గరున్నావు," అంది అమ్మాయి. "ఇద్దరు నర్సులూ ఒక ఆక్సిజన్ సిలిండరూ ఇరుక్కున్నారని ఫోన్ చేశావు."

రెండు రోజుల్లో ఆమె అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

"అది నాలుగింటికేమో."

"మూడింటికి. నేను ఒక ముసలాయన కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెట్టి మరీ మాట్లాడాను. ఎందుకు అబద్ధం చెప్తున్నావు?"

అతను ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. అందులో నింద లేదు. మామగారి పరువు తన భుజం మీద వేసుకుని మోయడానికి సిద్ధపడ్డ మనిషి చూపు అది. అంత దయను మోయడం నావల్ల కాలేదు.

"నేను తీశాను," అన్నాను.

ఫ్రిజ్ మోటారు ఆగింది. అంతవరకూ అది మోగుతోందని నాకు తెలియదు.

"ఎందుకు?" అంది అమ్మాయి.

"రెండుసార్లు పడిందనుకున్నాను."

మా బావమరిది గొంతులోంచి నవ్వులాంటిది వచ్చింది. "ముప్ఫై ఏళ్ళు ఊరి జనాన్ని కొట్టేశావు. రిటైరయినా చెయ్యి ఊరుకోలేదా బావా." ఎవరూ నవ్వకపోయేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముట్టుకోవద్దన్నాను నాన్నా."

"అన్నావు."

"రెండు రోజులు నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"తాగాను."

"నేను తనను పట్టుకుని..." అని ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"బుధవారం పొద్దున్న. ఫైలు టైము చూశాను. ఆ టైములో ఇంట్లో ఉండేది ఒక్కరే."

"తెలిసి కూడా రెండు రోజులు పడ్డావా?"

"నువ్వు తిట్టలేదుగా. మాట్లాడలేదు, అంతే. తిట్టుంటే చెప్పేసేవాణ్ణేమో." కొంచెం ఆగి, "అత్తయ్యగారు పోయాక మామయ్యగారు దేనికైనా ఉత్సాహంగా లేచి కూర్చోవడం అదే మొదటిసారి. మంగళవారం నేను వచ్చేసరికి కూనిరాగం తీస్తున్నారు. దాన్ని పాడుచెయ్యబుద్ధి కాలేదు," అన్నాడు.

నేను కూనిరాగం తీశానని నాకు గుర్తు లేదు.

"మీ ఇద్దరూ కలిసి నన్ను చెడ్డదాన్ని చేశారు," అంది అమ్మాయి. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఒకరు చేశారు, ఒకరు దాచారు. మధ్యలో నేను రాక్షసిలా ఇల్లంతా తిరిగాను."

"అమ్మా..."

"వద్దు నాన్నా. ఇప్పుడేం చెప్పకు. అలిసిపోయాను."

*

ఆమె అలిసిపోయిందంటే పని మానేస్తుందని కాదు. వాళ్ళమ్మ కూతురు. మామయ్యను పక్కకు జరగమని, అతని ఫైలులోంచి పాత వంతెన కాపరిని తెచ్చి మా ఫైలులో పెట్టింది. ఐడీ ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ సరిచూసుకుంది. కొత్తగా ఎంచుకునేవాళ్ళకు కనిపించకుండా ఒక పంక్తి చేర్చింది. తర్వాత మామయ్య దగ్గరున్న పాత చింపిరిని తెరిచింది.

పేరు వచ్చింది. వయసు వచ్చింది. వృత్తి వచ్చింది. ఒకటో మెట్టు, రెండో మెట్టు, ఎనిమిదో మెట్టు దాకా ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం వచ్చి నిలబడింది. చదవకుండా ఉండటానికి అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎనిమిదే ఉన్నాయి మామయ్యా."

"నేను కాపీ తీసుకునేటప్పటికి అక్కది ఎనిమిదో మెట్టు. ఆ తర్వాతవి తన దగ్గరే ఉండేవి."

"మరి చివరి మూడూ?"

చివరి మూడు మెట్లూ నా భార్య జబ్బుతో మంచం మీద ఉన్నప్పుడు ఎక్కినవి. ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని కింద మడత దుప్పటి. నేను గదిలోకి వెళ్తే తెర కొంచెం దించేది. ఆట రహస్యాలు ఆడనివాళ్ళకెందుకు అనేది. నేనూ నవ్వి, మందుల డబ్బా పెట్టి వచ్చేసేవాణ్ణి.

అమ్మాయి చాలాసేపు తెర వైపే చూసింది. అల్లుడు లేచి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె అతన్ని వెళ్ళమనలేదు. గ్లాసుతో నీళ్ళు పెడితే ఒక గుక్క తాగింది.

"నాన్నా, ఇటు రా. ఇవి రెండూ ఒకటి కాదు."

వెళ్ళి వంగి చూశాను. పాత వంతెన కాపరి నియమాల్లో చివరిది: దాటేవాళ్ళు ఒక నిజం చెప్పి తీరాలి, చెప్పనివాళ్ళకు వంతెన దించకూడదు. కొత్తదానిలో అదేచోట: నిజం అడగవచ్చు, చెప్పకపోయినా వంతెన దించాలి.

వర్ణన అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఈ ఒక్క పంక్తి మారింది. ముప్ఫై ఒక్క సంవత్సరాల అనుభవం ఉన్న నా కళ్ళు ఆ పంక్తి దాకా వెళ్ళలేదు.

"ఎప్పుడు మార్చింది?" అంది అమ్మాయి.

"పోయే ముందు, అక్టోబరులో," అన్నాడు మా బావమరిది. "ఇకమీదట ఆడేవాళ్ళకు ఈ నియమం అంది. మరి నీకు అని నేనడిగితే, నాకు పాతదే ఉండనీ, నేను చెప్పి తీరాల్సినవాళ్ళలోనే ఉన్నాను అంది."

"అలా అందా?"

"అంది." గొడుగు మడతలు సర్దాడు. "తొమ్మిదీ పదీ ఏం రాసిందో నాకు తెలీదు. పదకొండోది మాత్రం ఫోన్‌లో చదివి వినిపించింది."

అమ్మాయి మెల్లగా తల తిప్పింది. "నీకు గుర్తుందా?"

"అలాంటిది మర్చిపోతారా."

"చెప్పు మామయ్యా."

అతను నోరు తెరిచి, మూశాడు. "జనంచేత నోరు తెరిపించడం నా వృత్తి. కానీ దీనికి అక్క నాచేత ఒట్టేయించుకుంది."

"ఎవరికి చెప్పొద్దంది?"

బల్ల మీద నా కళ్ళజోడు డబ్బా ఉంటే, అతను దాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు జరిపాడు. గదిలో ఉన్నది నలుగురం. అమ్మాయి కాదు, వాటిని చదవాల్సింది తనే. అల్లుడి దగ్గర నా భార్య దాచుకోవాల్సిందేమీ లేదు. మిగిలింది నేను.

అడగడానికి నాకు హక్కుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. ఆమె మాట కొత్తది ఒక్కటైనా దొరుకుతుందేమోనని పద్నాలుగు నెలలుగా ఆ ఫైలు తడుముతున్నవాణ్ణి. ఇప్పుడు ఒకటి నాలుగడుగుల దూరంలో, సజీవంగా, ఒక మనిషి నాలుక చివర ఉంది. నేను గట్టిగా అడిగితే బావమరిది కాదనలేడు. ఒట్టు తీసి గట్టున పెడతాడు.

కానీ అతను నా ఎదుట ఒట్టు తప్పితే అమ్మాయికి అందేది వేరుగా ఉంటుంది. నా ముఖం చూసుకుంటూ వినాలి తను. ఏది విన్నా ముందు నా సంగతి చూడాలి, తర్వాతే తన సంగతి. మూడు వాక్యాలు పోగొట్టినవాణ్ణి. మిగిలిన ఒక్కదానికి కూడా అడ్డం కూర్చోవడం బాగుండదు.

లేచాను. మోకాలు పట్టేసింది, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాను.

"నిద్రొస్తోంది," అన్నాను.

"ఇంకా తొమ్మిది కూడా కాలేదు బావా."

"మందు వేసుకున్నానుగా."

వేసుకోలేదని అమ్మాయికి తెలుసు. నా మందులు లెక్కపెట్టి ఇచ్చేది తనే. నా వైపు చూసింది. ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆ చూపులో కోపం అలాగే ఉంది, దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది. అది ఏమిటో తేల్చుకోవడానికి నేను ఆగలేదు. అల్లుడు దారిలో ఉన్న తన బూట్లు కాలితో పక్కకు నెట్టి, నా మోచెయ్యి ఒక్క క్షణం పట్టుకుని వదిలాడు.

గదిలో దీపం వెయ్యలేదు. మంచం అంచు చేతికి తగిలేదాకా నడిచి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాను. అటుపక్క అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంటున్న చప్పుడు. "ఇప్పుడు చెప్పు," అంది. మా బావమరిది గొంతు సవరించుకున్నాడు.

గొళ్ళెం టక్కుమనకుండా వేలు అడ్డం పెట్టి, ఆ రాత్రికి నా తలుపు మెల్లగా మూసుకున్నాను.